ఎయిర్‌సాఫ్ట్ గన్‌కి ఏ ఆయిల్, ఏ గ్రీజు? తక్కువ ఖర్చులో ఏది వాడాలి, ఏది వాడకూడదు

మీరు అడిగింది ఇది: దగ్గర రెండు ఎయిర్‌సాఫ్ట్ గన్‌లు (బీబీలు అనే చిన్న ప్లాస్టిక్ గుండ్లు కాల్చే ఆట తుపాకులు) ఉన్నాయి: ఒకటి ఎలక్ట్రిక్ రైఫిల్, ఇంకోటి గ్యాస్ బ్లోబ్యాక్ పిస్టల్, అంటే కాల్చినప్పుడల్లా గ్యాస్ బలంతో స్లయిడ్ (పై భాగం) వెనక్కి జరిగేది. "ఎయిర్‌సాఫ్ట్ స్పెషల్" అని రాసి అమ్మే చిన్న చిన్న సీసాల ధర చూస్తే కొనబుద్ధి కావడం లేదు. ఇంట్లో డబ్ల్యూడీ-40, కుట్టుమిషన్ ఆయిల్, వాసెలిన్, కారు గ్రీజు ఉన్నాయి. వీటిలో ఏవి వాడొచ్చు, గన్ పాడవకుండా తక్కువలో ఎలా నెట్టుకురావాలి? పైగా ఇప్పటికే ఒకసారి రైఫిల్ బ్యారెల్‌లోకి డబ్ల్యూడీ-40 కొట్టేశానని కూడా రాశారు. అది కంగారు పడాల్సినంత విషయం కాదు. దాని సంగతి చివర్లో చెప్తాను.

రెండే వస్తువులు కొనండి. ఒకటి, రిమోట్ కంట్రోల్ కార్ల షాక్ అబ్జార్బర్లలో పోసే నూరు శాతం సిలికాన్ ఆయిల్. 30 లేదా 40 వెయిట్‌ది తీసుకోండి. రెండోది, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) కలిసిన సింథటిక్ గ్రీజు. ప్లాస్టిక్ మీద వాడొచ్చని ట్యూబు మీద రాసి ఉండాలి. రబ్బరు ఉన్న చోట, గ్యాస్ తగిలే చోట సిలికాన్ ఆయిల్ (రైఫిల్ పిస్టన్ రబ్బరు వలయానికి మాత్రం కాస్త గ్రీజు). లోహం మీద లోహం బరువుగా ఒరుసుకునే చోట గ్రీజు. బ్యారెల్ లోపలా, హాప్-అప్ రబ్బరు (బీబీకి వెనక్కి తిరుగుడు ఇచ్చే ముక్క) మీదా ఏదీ వద్దు. డబ్ల్యూడీ-40 గన్ లోపలికి అసలే వద్దు. మీ కుట్టుమిషన్ ఆయిల్‌కి ఒకటి రెండు చోట్ల పని ఉంది. వాసెలిన్, కారు గ్రీజు ఉన్న చోటే ఉండనివ్వండి.

తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు. కారణాలు తెలిస్తే రేపు ఏ కొత్త సీసా కనిపించినా మీరే తేల్చుకోగలరు కాబట్టి మిగతాది రాస్తున్నాను. మా టీమ్‌లో గన్‌లు విప్పి చూసే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. నా బల్ల మీదకి వచ్చే గన్‌లలో లూబ్రికెంట్ లేక పాడైనవి తక్కువ. తప్పు చోట వేయడం వల్లనో, ఎక్కువ వేయడం వల్లనో ఇబ్బంది పెట్టేవే ఎక్కువ.

ముందు షాక్ ఆయిల్ సంగతి. ఎయిర్‌సాఫ్ట్ పేరుతో వచ్చే సిలికాన్ ఆయిల్ సీసాల్లో ఉండేది సాధారణంగా పాలీడైమిథైల్‌సిలాక్సేన్ అనే ద్రవం. రిమోట్ కంట్రోల్ కార్ల షాక్ ఆయిల్‌లో ఉండేదీ అదే. తేడా అంతా చిక్కదనంలోనే. ఆ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు, సీసా మీద సీఎస్‌టీ అని ఉంటుంది. 30 వెయిట్ అంటే సుమారు 350 సీఎస్‌టీ, 40 వెయిట్ అంటే సుమారు 500. "వెయిట్" లెక్క కంపెనీకో రకంగా ఉంటుంది, అందుకని సీఎస్‌టీ అంకె ఇచ్చిన సీసా దొరికితే దాన్నే నమ్మండి. అదే అరలో డిఫరెన్షియల్ ఆయిల్ అని వేలల్లో సీఎస్‌టీ ఉన్న సీసాలు కూడా కనిపిస్తాయి. అవి మనకి వద్దు. తేనెకన్నా చిక్కగా ఉండి పిస్టల్ నాజిల్‌ని (గ్యాస్‌ని బీబీ వెనక్కి చేర్చే గొట్టాన్ని) వెనక్కి రానివ్వవు. షాక్ ఆయిల్ సీసా ఒకటి కొంటే చుక్కల లెక్కన వాడే మనలాంటి వాళ్లకి ఏళ్ల తరబడి వస్తుంది.

రబ్బరుకి సిలికానే ఎందుకు? "పెట్రోలియం ఆయిల్ తగిలితే రబ్బరు కరిగిపోతుంది" అని చాలామంది అంటారు. అది సగమే నిజం. నైట్రైల్ రబ్బరుని పెట్రోలియం నూనెల్ని తట్టుకోవడానికే తయారుచేశారు. వాహనాల్లో ఆయిల్ సీళ్లు చాలావరకు దానితోనే చేస్తారు. సహజ రబ్బరు, ఈపీడీఎం రబ్బరు మాత్రం పెట్రోలియం తగిలితే ఉబ్బి, మెత్తబడి, ఆకారం కోల్పోతాయి. మీ గన్‌లో ఏ ఓ-రింగ్ (గాలి, గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు వలయం) ఏ రబ్బరుతో చేశారో తయారీదారు మాన్యువల్‌లో సాధారణంగా రాయడు. ఒక ఓ-రింగ్ నైట్రైల్ అయి, పక్కనున్న వాల్వ్ సీల్ ఇంకేదో అయి ఉండొచ్చు. సిలికాన్ ఆయిల్ ఈ మూడింటికీ సరిపోతుంది. మనం ఊహల మీద ఆధారపడాల్సిన పని తప్పుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. సిలికాన్ రబ్బరుకి సిలికాన్ ఆయిల్ పడదు. ఒకే జాతి కావడంతో ఆయిల్‌ని రబ్బరు పీల్చుకుని ఉబ్బుతుంది. విడిగా కొని వేసుకునే హాప్-అప్ రబ్బర్లలో (వీటినే బకింగ్‌లు అంటారు) సిలికాన్‌వి చాలా ఉంటాయి. రంగు చూసి పోల్చలేం, ప్యాకెట్ మీద చూడాల్సిందే. సిలికాన్‌తో చేసిన ఓ-రింగ్ ఎక్కడైనా వేసి ఉంటే అక్కడ పీటీఎఫ్‌ఈ సింథటిక్ గ్రీజు పల్చగా రాయండి.

ప్లాస్టిక్ సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. గేర్‌బాక్స్‌లో పిస్టన్, నాజిల్, ట్యాపెట్ ప్లేట్ (నాజిల్‌ని కదిపే ముక్క) సాధారణంగా పాలీకార్బొనేట్, నైలాన్, పీఓఎం లాంటి ప్లాస్టిక్‌లతో చేస్తారు. వీటిలో పీఓఎం, నైలాన్ గట్టి పిండాలు, నూనెలకి పెద్దగా చలించవు. పాలీకార్బొనేట్ అలా కాదు. దెబ్బకి బాగా తట్టుకుంటుంది గానీ, కొన్ని ద్రావకాలు తగిలితే ఒత్తిడి పడే చోట సన్నని పగుళ్లు పుడతాయి. అప్పటికప్పుడు ఏమీ కనిపించదు. తర్వాత ఎప్పుడో ఒక ఆట మధ్యలో పిస్టన్ పళ్లు ఊడిపోతాయి. చాలా నెయిల్ పాలిష్ రిమూవర్లలో ఉండే అసిటోన్ అయితే పాలీకార్బొనేట్‌నీ, ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌నీ నేరుగా తినేస్తుంది. బయటి బాడీ ఏబీఎస్ అయితే నెయిల్ పాలిష్ రిమూవర్‌తో మరకలు తుడవాలని అనుకోకండి.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

డబ్ల్యూడీ-40. దీన్ని 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో తయారుచేశారు. అట్లాస్ క్షిపణి బయటి లోహపు పొర తుప్పు పట్టకుండా కాపాడటం దాని మొదటి పని. పేరులోని డబ్ల్యూడీకి అర్థం నీటిని తోసేయడం, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన ఫార్ములా. నీటిని తోలడానికి, పట్టేసిన బోల్టు వదులు చేయడానికి, జిగురు మరకలు తుడవడానికి చాలా మంచి వస్తువు. కానీ దానిలో ఎక్కువ భాగం తేలికగా ఆవిరైపోయే పెట్రోలియం ద్రావకం. గేర్‌బాక్స్‌లోకి కొడితే ఉన్న గ్రీజుని కడిగేసి, తాను ఆవిరైపోయి, పల్చని పొర మాత్రం మిగులుస్తుంది. గేర్ల మీద పడే బరువుకి ఆ పొర చాలదు. పాలీకార్బొనేట్ మీద వాడొద్దని తయారుచేసే కంపెనీయే చెబుతుంది. అదే కంపెనీ సిలికాన్ స్ప్రే కూడా అమ్ముతుంది, అది వేరే వస్తువు. దాని గురించి కింద రాశాను.

కుట్టుమిషన్ ఆయిల్. పల్చని మినరల్ ఆయిల్. గేర్ల ఇరుసులు తిరిగే బుష్షింగ్‌లకీ, బాల్ బేరింగ్‌లకీ ఒక్కో చుక్క వేసి మిగిలింది తుడిచేస్తే చక్కగా పనిచేస్తుంది. మోటారు షాఫ్ట్ తిరిగే బుష్‌కి సూది మొనతో అర చుక్క పెట్టొచ్చు. బయట ఉండే ఉక్కు స్క్రూలు, పిన్నులు తుప్పు పట్టకుండా గుడ్డకి రాసి తుడవచ్చు. పిస్టల్ మ్యాగజైన్ దగ్గరికి, సిలిండర్ లోపలికి మాత్రం తీసుకురాకండి.

వాసెలిన్. అదీ పెట్రోలియమే. నైట్రైల్ ఓ-రింగ్‌కి పెద్ద హాని చేయదు గానీ వేడెక్కగానే నీరుగారి పక్కకి జారిపోతుంది. రాసిన చోట నిలవని వస్తువు ఎందుకు?

కారు గ్రీజు. వీల్ బేరింగ్ గ్రీజు గట్టిగా, జిగటగా ఉంటుంది. గేర్ పళ్లు తిరగగానే పక్కకి జరిగి గోడలకి అంటుకుపోతుంది, మళ్లీ పళ్ల మీదకి రాదు. ఆ జిగటని ఈడ్చలేక మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది. ఒకసారి మా వాడొకడు తన రైఫిల్ బ్యాటరీ త్వరగా అయిపోతోందని, కొత్త మోటారు వేయాలని తెచ్చాడు. విప్పితే గేర్‌బాక్స్ అంతా గోధుమరంగు గ్రీజుతో కూరి ఉంది. మొత్తం కడిగి, షిమ్‌లు (గేర్ల పక్కన ఖాళీని సరిచేసే సన్నని వాషర్లు) సరిచేసి, పల్చగా సింథటిక్ గ్రీజు రాసి ఇస్తే పాత మోటారే హాయిగా తిరిగింది.

వంటనూనె గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. గాలి తగిలి కొన్నాళ్లకి బంకలా గట్టిపడుతుంది. అప్పుడు తుడవడం వేయడం కన్నా కష్టం.

తెల్ల లిథియం గ్రీజు మధ్యరకం. ఉక్కు గేర్ల మీద బాగానే పనిచేస్తుంది. చాలామంది ఏళ్లుగా వాడుతున్నారు కూడా. అందులోని నూనె సాధారణంగా పెట్రోలియం కాబట్టి, గేర్ల నుంచి చిమ్మి పిస్టన్ మీద, ఓ-రింగ్ మీద పడుతుంది. ఇంట్లో ఉంటే గేర్లకి మాత్రం పల్చగా వాడుకోండి. కొత్తగా కొనేటట్లయితే పీఏఓ అనే సింథటిక్ నూనెతో చేసి పీటీఎఫ్‌ఈ కలిపిన గ్రీజే మేలు. సూపర్ లూబ్ పేరుతో వచ్చేది ఆ రకమే. అది ఒక్కటే అయి ఉండాలనేం లేదు. గ్రీజుల గట్టిదనానికి ఎన్‌ఎల్‌జీఐ అని ఒక అంకె ఉంటుంది. 000 అంటే దాదాపు ద్రవం, 6 అంటే దాదాపు సబ్బు ముక్క. బజారులో ఎక్కువగా దొరికేది 2. మామూలు రైఫిల్‌కి 2 సరిపోతుంది. చలి ప్రాంతంలో ఆడేవాళ్లకి, మోటారు చిన్నదైన గన్‌లకి 1 గానీ 0 గానీ నయం, ఎందుకంటే చలికి గ్రీజు ఇంకా బిగుసుకుంటుంది.

మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్ల గ్రీజు గేర్లకి మంచిదే. చేతికి అంటితే వదలదు, ఎక్కడ తాకితే అక్కడ నలుపు. ఓపిక ఉన్నవాళ్లు వాడుకోవచ్చు.

మరి సిలికాన్ ఆయిల్ గేర్లకి ఎందుకు పనికిరాదు? ఈ ప్రశ్న తరచూ వస్తుంది. సిలికాన్ ఒకటే కొని అంతటా వాడేస్తే ఇంకా చవక కదా అని. ఉక్కు మీద ఉక్కు బరువుగా ఒరుసుకునే చోట సిలికాన్ ద్రవం పొర నిలబడదు. పళ్ల మధ్య నలిగి తప్పుకుంటుంది, లోహం లోహాన్ని నేరుగా గీరుతుంది. సెక్టర్ గేర్ పిస్టన్‌ని సెకనుకి పదిహేను సార్లు వెనక్కి లాగుతుంటే, లాగిన ప్రతిసారీ స్ప్రింగ్ బరువంతా ఆ కాసిని పళ్ల మీదే పడుతుంది. అక్కడ గ్రీజే కావాలి.

ఇక ఏ చోట ఎంత వేయాలి అన్నది. ఏది కొన్నారన్నదానికన్నా ఇదే ముఖ్యం.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసేయండి, ఛాంబర్‌లో మిగిలిన బీబీని సురక్షితమైన వైపు పేల్చేయండి, రైఫిల్ అయితే బ్యాటరీ విప్పేయండి. రక్షణ కళ్లజోడు పెట్టుకోండి. గేర్‌బాక్స్ తెరిచేటప్పుడు స్ప్రింగ్ ఎగిరొచ్చి మొహానికి తగలడం వింతేమీ కాదు. పిస్టన్ వెనక్కి లాగి ఆగిపోయి ఉంటే ముందు యాంటీ-రివర్సల్ లాచ్ (గేర్లు వెనక్కి తిరగకుండా ఆపే ముక్క) వదిలి స్ప్రింగ్‌ని సడలించాకే మూత విప్పాలి.

గేర్ల మీద గ్రీజు, పళ్లు తడిగా మెరిసేంత చాలు. వేలితో రాసి, గేర్లని చేత్తో తిప్పి, పళ్ల అంచున గుట్టగా చేరినదాన్ని గుడ్డతో తీసేయండి. పిస్టన్ జారే పట్టాల మీద కూడా అంతే పల్చగా. పిస్టన్ హెడ్ ఓ-రింగ్‌కి గుండుసూది తలంత గ్రీజు తీసుకుని చుట్టూ పూసి, సిలిండర్‌లో నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించండి. ఓ-రింగ్ నల్లగా మెరవాలి, తెల్లగా గ్రీజు కనిపించకూడదు. స్కూబా డైవింగ్ సామాన్లకి, నీటి కుళాయిల ఓ-రింగులకి వాడే సిలికాన్ గ్రీజు ట్యూబు మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఇక్కడ అది ఇంకా బాగుంటుంది. దీని కోసమని విడిగా కొనక్కర్లేదు.

సిలిండర్‌లో ఎక్కువైతే ఏమవుతుంది? పిస్టన్ ముందుకి దూకినప్పుడు గాలితో పాటు ఆ నూనె కూడా నాజిల్ గుండా బయటికొచ్చి నేరుగా హాప్-అప్ రబ్బరు మీద పడుతుంది. హాప్-అప్ పని బీబీ పైభాగాన్ని పట్టుకుని వెనక్కి తిప్పడం. ఆ తిరుగుడు వల్లే బీబీ గాలిలో తేలి దూరం వెళ్తుంది. రబ్బరు జిడ్డుగా ఉంటే పట్టు ఉండదు. ఒక బీబీ పైకి లేస్తుంది, మరోటి దగ్గర్లోనే నేలకి దిగుతుంది, ఇంకోటి పక్కకి తిరుగుతుంది. ఒక కుర్రాడు ఇలాంటి రైఫిల్‌నే తెచ్చి, అప్పటికే ఖరీదైన టైట్‌బోర్ (లోపలి కన్నం సన్నగా ఉండే) బ్యారెల్ కొని వేశాను, అయినా గుండు తిన్నగా పోవడం లేదన్నాడు. ప్రతి ఆటకీ ముందు ఫీడింగ్ కన్నంలోంచి (మ్యాగజైన్ నుంచి బీబీలు వెళ్లే దారిలోంచి) సిలికాన్ స్ప్రే కొట్టడం అతనికి అలవాటు. బకింగ్ తీసి సబ్బు నీటితో కడిగి ఆరబెట్టి పెట్టాం. పాత బ్యారెల్‌తోనే సరిగ్గా కొట్టింది. ఆ కొత్త బ్యారెల్ ఇప్పటికీ అతని డబ్బాలో ఉంది.

అందుకే మళ్లీ చెప్తున్నాను, బ్యారెల్ లోపల పొడిగానే ఉండాలి. కొన్ని వేల బీబీలకి ఒకసారి, లేదా గురి చెదిరినట్టు అనిపించినప్పుడు, క్లీనింగ్ రాడ్‌కి మెత్తటి గుడ్డ చుట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడవండి. తర్వాత పొడిగుడ్డతో ఇంకోసారి. హాప్-అప్‌ని పూర్తిగా సున్నాకి తిప్పాకే రాడ్ దూర్చండి, లేదంటే రబ్బరు చిరుగుతుంది. వీలైతే బకింగ్ తీసేసి చేస్తే ఇంకా మంచిది.

పిస్టల్ దగ్గరికొస్తే లెక్క మారుతుంది. గ్యాస్ గన్‌కి ఆయిల్ తరచుగా కావాలి. గ్రీన్ గ్యాస్ అంటే ప్రధానంగా ప్రొపేన్, అందులో కొంచెం సిలికాన్ ఆయిల్ కలిపి అమ్ముతారు. ఆ ఆయిలే మ్యాగజైన్ లోపలి సీళ్లని తడిగా ఉంచుతుంది. ఆయిల్ కలపని గ్యాస్ వాడుతున్నా, అడాప్టర్‌తో మామూలు ప్రొపేన్ నింపుతున్నా, మీరే ఆ ఆయిల్ వేయాలి. అడాప్టర్‌లో రెండు చుక్కలు వేసి నింపితే చాలు. ప్రతి నింపుకీ అవసరం లేదు, అప్పుడప్పుడూ సరిపోతుంది.

మ్యాగజైన్ నుంచి గ్యాస్ కారుతుంటే వెంటనే కొత్త వాల్వ్ ఆర్డర్ చేయకండి. ముందు ఖాళీ మ్యాగజైన్ ఫిల్ వాల్వ్ (గ్యాస్ నింపే వాల్వ్) మీద రెండు మూడు చుక్కల సిలికాన్ ఆయిల్ వేసి, వాల్వ్‌ని సన్నని పుల్లతో రెండుసార్లు నొక్కి లోపలికి దిగనివ్వండి. పైన గ్యాస్ బయటికొచ్చే రబ్బరు దగ్గర, విడుదల వాల్వ్ మీద ఒక్కో చుక్క. కొంచెం గ్యాస్ నింపి రాత్రంతా వదిలేయండి. ఎండిపోయి కుంచించుకున్న సీల్ అయితే చాలాసార్లు దీంతోనే కుదురుకుంటుంది. చిరిగిన సీల్ అయితే కుదరదు, మార్చాల్సిందే. ఎక్కడ కారుతోందో తెలియకపోతే మ్యాగజైన్‌ని నీళ్లలో ముంచండి, బుడగలే చెబుతాయి. గన్ వాడని రోజుల్లో మ్యాగజైన్‌లో కాస్త గ్యాస్ ఉంచి దాచితే సీళ్లు తమ చోట్లో ఒత్తుకుని ఉంటాయి. ఎండ తగిలే చోట, కారులో మాత్రం వదలకండి.

స్లయిడ్ లోపల నాజిల్ ముందుకీ వెనక్కీ కదిలే చోట సిలికాన్ ఆయిల్ ఒక్క చుక్క. స్లయిడ్ పట్టాలు ప్లాస్టిక్ అయితే సిలికాన్, లోహం అయితే పీటీఎఫ్‌ఈ గ్రీజు పల్చటి పూత. హ్యామర్, దాన్ని ట్రిగ్గర్ నొక్కేదాకా పట్టి ఉంచే సియర్ ఒరుసుకునే అంచున కూడా గ్రీజే, అదీ కనీకనిపించనంత. ఆట అయ్యాక స్లయిడ్ తీసి పాత నూనెని మట్టితో సహా తుడిచేసి కొత్త చుక్క వేయడం అలవాటు చేసుకోండి. తుడవకుండా పాతదాని మీదే కొత్తది వేస్తూ పోతే దుమ్ము, నూనె కలిసి రుద్దుడు పేస్టులా తయారవుతుంది.

సీఓ2 వాడే పిస్టల్ అయితే 12 గ్రాముల గుళిక మెడ మీద, గుచ్చే ముందు ఒక చుక్క సిలికాన్ ఆయిల్. సీఓ2 విడుదలయ్యేటప్పుడు బాగా చల్లబడుతుంది, సీళ్లు గట్టిపడతాయి. సిలికాన్ ఆయిల్ అంత చలికీ గడ్డకట్టదు.

మీ దగ్గర లేదు గానీ, హెచ్‌పీఏ అంటే హై ప్రెషర్ ఎయిర్ ట్యాంకు వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ట్యాంకు ఫిల్ నిపుల్ దగ్గర, రెగ్యులేటర్‌లో పెట్రోలియం నూనె గానీ గ్రీజు గానీ ఎప్పుడూ వేయకండి. ఆ ట్యాంకుల్లో 3000 నుంచి 4500 పీఎస్‌ఐ దాకా ఒత్తిడి ఉంటుంది. అంత ఒత్తిడితో గాలి ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు పుట్టే వేడికి పెట్రోలియం అంటుకుని పేలొచ్చు. ఇది గన్ పాడవడం గురించి కాదు, చేతులు పోవడం గురించి.

కరెంటు ఉన్న చోట ఇంకో మాట. మోటారు బ్రష్‌లు, కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే తిరిగే భాగం), ట్రిగ్గర్ కాంటాక్టులు వీటి మీద ఏ ఆయిలూ వద్దు. సిలికాన్ స్ప్రే ఆవిరి కూడా తగలకుండా చూడండి. బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వలకి సిలికాన్ ఆవిరి మారి సిలికాగా, అంటే మెత్తటి ఇసుక లాంటి పొరగా పేరుకుంటుంది. కరెంటు సరిగా పారదు, బ్రష్‌లు త్వరగా అరుగుతాయి. రైఫిల్ చేతిపిడి (పిస్టల్ గ్రిప్) విప్పి మోటారు మీదకి స్ప్రే కొట్టమని చెప్పే సలహాలు కనిపిస్తుంటాయి, పట్టించుకోకండి.

ఇప్పుడు సిలికాన్ స్ప్రే. చవకగా, ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి మీ కన్ను దాని మీద పడే ఉంటుంది. డబ్బా మీద సిలికాన్ అని పెద్ద అక్షరాలు ఉన్నా, లోపల సిలికాన్ కొంచెమే ఉండొచ్చు. మిగతాది దాన్ని మోసుకొచ్చే ద్రావకం, బయటికి తోసే వాయువు. వాయువు ఎగిరిపోతుంది. ద్రావకం ఏమిటన్నదే ప్రశ్న. ప్రతి తయారీదారు తన సరుకుకి సేఫ్టీ డేటా షీట్ అనే పత్రం ఇస్తాడు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో 3వ భాగం చూడండి, పదార్థాల జాబితా ఉంటుంది. నాఫ్తా, హెప్టేన్, పెట్రోలియం డిస్టిలేట్స్ లాంటి పేర్లు ఎక్కువ శాతంతో కనిపిస్తే గన్ లోపలికి కొట్టకండి. తప్పనిసరై వాడాల్సొస్తే ఒక గిన్నెలోకి కొట్టి, ద్రావకం ఆరేదాకా ఆగి, మిగిలిన ద్రవాన్ని పుల్లతో తీసుకుని వేయండి. చుక్కల సీసా ఉండగా ఇన్ని తిప్పలు ఎందుకన్నది నా మాట. స్ప్రే నిప్పు దగ్గర వద్దు, కిటికీలు మూసిన గదిలో వద్దు. నేల మీద పడితే వెంటనే తుడవండి, టైల్స్ మీద సిలికాన్ పొర పడితే ఎవరో ఒకరు జారి పడటం ఖాయం. గన్‌కి రంగు వేసే ఆలోచన ఉంటే ఆ పని ముందే కానివ్వండి. సిలికాన్ తగిలిన ఉపరితలం మీద పెయింట్ పరుచుకోదు, చేప కళ్లలా గుంటలు పడుతుంది.

ఏదైనా సీసా మీద అనుమానం ఉంటే నేను చేసే పరీక్ష ఇది. పాత ఓ-రింగ్‌లు ఒకే సైజువి రెండు తీసుకుంటాను. ఒకటి ఆ నూనెలో వేసి మూడు నాలుగు రోజులు ఉంచుతాను, రెండోది అలాగే పొడిగా. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఉబ్బిందా, మెత్తబడిందా, జిగటగా మారిందా అన్నది చేతికే తెలిసిపోతుంది. విరిగిన పిస్టన్ ముక్క ఉంటే దాన్ని కూడా కాస్త వంచి దారంతో కట్టి వేస్తాను, ప్లాస్టిక్ పగుళ్లు ఒత్తిడి ఉన్నప్పుడే బయటపడతాయి కాబట్టి. ఇది ప్రయోగశాల పరీక్షేమీ కాదు గానీ చెడ్డ సరుకుని పట్టిస్తుంది.

గేర్‌బాక్స్‌ని ఎన్నాళ్లకోసారి విప్పాలని చాలామంది అడుగుతారు. శబ్దం మారనంతవరకు, మోటారు వేడెక్కనంతవరకు, గుండు వేగం పడిపోనంతవరకు దాని జోలికి వెళ్లకండి. స్ప్రింగ్ మార్చడానికో మరో పనికో విప్పినప్పుడు పాత గ్రీజు తుడిచి కొత్తది రాస్తే చాలు.

ఇక మీరు కొట్టేసిన డబ్ల్యూడీ-40 సంగతి. బ్యాటరీ, మ్యాగజైన్ తీసేసి బ్యారెల్‌ని హాప్-అప్ యూనిట్‌తో సహా బయటికి తీయండి. బకింగ్‌ని మెల్లగా బ్యారెల్ నుంచి జార్చి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి వేళ్లతో కడిగి, గాలికి ఆరనివ్వండి. వేడి గాలితో ఆరబెట్టొద్దు. బ్యారెల్ లోపల ఆల్కహాల్ గుడ్డతో, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. హాప్-అప్ యూనిట్‌నీ, నాజిల్ కొననీ పొడిగుడ్డతో తుడిచి, నాజిల్ మీద వెంట్రుకలాంటి గీతలేమైనా పడ్డాయేమో వెలుతురులో చూడండి. బకింగ్ ఆరాక పాత ఆకారానికి వచ్చి, వేలికి అంటుకోకుండా ఉంటే మళ్లీ వేసేయండి. ఉబ్బి బ్యారెల్ మీద వదులుగా జారుతుంటే కొత్తది వేయండి, గన్‌లో అతి చవకైన ముక్కల్లో అదొకటి. బిగించాక కొన్ని పదుల బీబీలు కాల్చి చూశాకే గురి గురించి తీర్పు చెప్పండి.

మూతి వైపు నుంచి కొంచెమే కొట్టి ఉంటే గేర్‌బాక్స్ దాకా పోయే అవకాశం తక్కువ. ఫీడింగ్ వైపు నుంచి కొట్టి ఉంటే, లేదా గన్‌ని మూతి పైకి పెట్టి కొట్టి ఉంటే నాజిల్ గుండా సిలిండర్‌లోకి దిగి ఉండొచ్చు, అప్పుడు పిస్టన్ ఓ-రింగ్ చూడాల్సి వస్తుంది. ఏ వైపు నుంచి, ఎంతసేపు కొట్టారో, ఇప్పుడు కాలిస్తే శబ్దం ముందులాగే ఉందో లేదో కింద రాయండి. గేర్‌బాక్స్ విప్పాలా వద్దా అప్పుడు చెప్తాను.